వాసన పోయేదాకా

కట్టమంచిలో మా మిద్దె మీద
టీవీఎస్ బండి ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది.
మడ్‌గార్డు, చైను కవరు, హెడ్‌లైటు డొప్ప,
ఇడ్లీ క్యాన్లు మోసి మోసి తుప్పుపట్టిన క్యారియరు.
చెంగల్రాయులు మామ గొంతుక్కూర్చుని
ఒక్కో ముక్కా తిప్పి తిప్పి చూస్తాడు,
సంతలో దూడ పళ్లు చూసినట్టు.

"రంగు ఎవురైనా కొడతారు మే రెడ్డిరాణీ.
గీకేదే పని."

గీకినాను.
ఎనభై నెంబరు ఉప్పుకాగితం అరిగిపోయింది,
తర్వాత రెండొందల ఇరవై.
గోళ్ల సందుల్లో ఎర్రపొడి, అన్నంలో కూడా ఇనుము రుచి.
సబ్బునీళ్లతో కడిగి, ఎండబెట్టి,
తిన్నర్ గుడ్డతో తుడిచినాక
నున్నగా ఉందే అని మళ్లీ తాకబోయినాను.
చెయ్యి మీద ఒక్కటేసినాడు.
"నీ వేలిముద్ర మీద రంగు నిలవదు.
మడి కట్టుకున్నామె వంటింట్లోకి పోయినట్టు పో
దాని దగ్గరికి."

బైండింగు వైరుతో దండేనికి వేలాడదీసినాం.
కొబ్బరిపీచు పోగొకటి పైకి వదిలి
గాలి ఎటు పోతాందో చూసినాడు మామ.
కింద తులసమ్మక్క పాలు పెట్టింటే
పొయ్యి ఆర్పించి వచ్చేదాకా
డబ్బా మూత తియ్యనియ్యలేదు.
బీడీతో మెట్లెక్కొచ్చిన ఎదురింటి గోవిందప్పను
"మనిషివా, అగ్గిపెట్టెవా?" అని దించేసినాడు.

నేను చున్నీ ముక్కుకు చుట్టుకున్నాను.
విప్పించినాడు.
రెండు చెంపలకూ రెండు గుండ్రటి డబ్బాలున్న మాస్కు,
రంగుకంటే దాని ఖరీదే ఎక్కువ.
"గుడ్డ దుమ్మును ఆపుతాది మే.
ఆవిరిని ఆపదు."

ఎట్ల తెలుసని అడగలేదు.
బస్సులకు బాడీలు కట్టే షెడ్లో ఇరవై రెండేండ్లు,
ముఖానికి ఒక తువ్వాల.
ఒకరోజు రాత్రి పొయ్యి మీద ఎండుచేపలు వేగుతాంటే
పక్కనే పీటేసుక్కూర్చుని
"ఈపొద్దు ఏం కూర?" అన్నాడంట.
అత్త ముందు నవ్విందంట.

డబ్బా ఊపితే లోపల గోలీ కటకట.
రెండు నిమిషాలన్నాడు, నూటయిరవై దాకా లెక్కపెట్టినాను.
జానెడు మీద ఇంకొంచెం దూరం.
ముక్కకు ఇవతల మొదలుపెట్టు, అవతల ఆపు.
మొదటి పూత పొగమంచంతే, ఇనుము ఇంకా కనబడాల.
నాకా ఓపిక ఎక్కడిది?
చైను కవరు మీద ఒకేచోట నిలబెట్టి నొక్కినాను.
బూడిదరంగు బొట్టొకటి జారి, అంచున ఆగింది.
"ఆరనీ. రేపు గీకుదువు," అన్నాడు.
మరుసటిరోజు గీకలేదు. అది అట్లనే ఉంది, ఇప్పుడు నీలంగా.

పూతకూ పూతకూ మధ్య
మిద్దె ఆ చివర, గాలికి ఎదురుగా కూర్చున్నాం.
"వాసన తగ్గిందా?"
"లేదు మామా."
పావుగంటకు మళ్లీ. "ఇప్పుడు?"
ఎక్కడో పెట్టి మరిచిన బీగంచెవి
నా దగ్గరేమన్నా ఉందేమోనని
నా ముఖంలోకి చూస్తాడు.

నీలం కొట్టిన మూడో పొద్దున
మాస్కు లేకుండా క్యారియరు మీదికి వంగినాను.
"పోయిందా?"
"పోయింది మామా."
"మరేం వస్తాంది?"

కిందినుంచి తిరగమోత.
చెప్పినాను.
"ఇంగువ ఏసిందా?"
"ఏసింది. ఎండుమిరపకాయ కొంచెం మాడింది."

మామ కండ్లు మూసుకున్నాడు.
చానాసేపు.
ఆమీట చెయ్యి చాపి
పది నెంబరు స్పానరు ఇమ్మన్నాడు.